మామునూరు రన్‌వే పొడుగు సంగతి సరే, అక్కడి గాలి లెక్క ఎవరు రాస్తరు?

వరంగల్‌లో ఎయిర్‌పోర్టు మాట వస్తే చాలు ముచ్చటంతా ఎకరాల మీదనే నడుస్తది. 1930లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టిన మామునూరు ఎయిర్‌పోర్టు 1981 తర్వాత మూతపడింది, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో 696 ఎకరాలు ఉంటే ఇంకో 253 ఎకరాలు కావాలన్నరు, నక్కలపల్లి, గాడేపల్లి, గుంటూరుపల్లి దిక్కు భూసేకరణ కోసం రాష్ట్రం 205 కోట్లు ఇచ్చింది, శంషాబాద్ నుంచి 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్టు ఉండొద్దన్న పాత అగ్రిమెంటు అడ్డం ఉంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టు నడిపే జీఎంఆర్ అభ్యంతరం లేదని రాసిచ్చింది, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం ఓకే అన్నది. ఇవన్నీ జిల్లాల చాయ్ దుకాణం కాడ కూడా తెలిసిన లెక్కలే. రన్‌వే 2,800 మీటర్లు, ఏ320 అనే జెట్ విమానం దిగుతది అన్నది కూడా అందరి నోట్ల ఉన్నదే.

కానీ రోజూ ఫ్లైట్ నడుస్తదా, క్యాన్సిల్ అయితదా అన్నది తేల్చేది ఎకరాలు కాదు. అరగంటకో గంటకో ఒకసారి వచ్చే ఒక లైన్ వాతావరణ రిపోర్టు, దాని పక్కన రన్‌వే గురించి నాలుగు నంబర్లు, అంతే. పైలట్ టేకాఫ్ బరువు లెక్క కట్టేది, దిగాలా వెనక్కి పోవాలా అని నిర్ణయం తీసుకునేది వీటితోనే. ఈ రిపోర్టు మామునూరులనే పుట్టాలె, హన్మకొండ నుంచో శంషాబాద్ నుంచో అరువు తెచ్చుకుంటే కుదరదు. ఎందుకు కుదరదో అర్థం కావాలంటే ముందు ఆ లైన్ ఎట్లుంటదో చూడాలె.

దాని పేరు మెటార్. మన దేశంల దీన్ని రాసేది వాతావరణ శాఖ, అంటే ఐఎండీ, ఎయిర్‌పోర్టులోనే ఉండే వాళ్ల ఆఫీస్ నుంచి. ప్రపంచమంతా ఒకటే పద్ధతి. మామునూరుకి వీఓడబ్ల్యూఏ అన్న కోడ్ ఉంది, రేపు మే నెలల ఒక మధ్యాహ్నం అక్కడి నుంచి ఇట్లాంటి రిపోర్టు వచ్చిందనుకుందాం, ఇది ఉదాహరణకి రాసింది మాత్రమే:

మెటార్ వీఓడబ్ల్యూఏ 200930జెడ్ 29012జీ24కేటీ 4000 టీఎస్ ఎస్‌సీటీ020 ఎఫ్ఈడబ్ల్యూ030సీబీ బీకేఎన్090 41/17 క్యూ1001

మొదటిసారి చూస్తే ఇదేదో తాళం కోడ్ లెక్క అనిపిస్తది గానీ పది నిమిషాలు కూర్చుంటే ఎవరికైనా వస్తది. 20 అంటే తారీఖు, 0930 అంటే టైం, జెడ్ ఉన్నది కాబట్టి అది గ్రీనిచ్ టైం, దానికి ఐదున్నర గంటలు కలిపితే మన మధ్యాహ్నం మూడు. తర్వాతది గాలి, 290 డిగ్రీల నుంచి, అంటే పడమర కంటే కొంచెం ఉత్తరం దిక్కు నుంచి 12 నాట్ల వేగంతో వీస్తున్నది, మధ్యమధ్యల 24 నాట్ల దాకా ఎగదన్నుతున్నది, ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు కాబట్టి ఆ విసురు 44 కిలోమీటర్ల పైనే. గాలి ఎటు పోతున్నదో కాదు, ఎక్కడి నుంచి వస్తున్నదో రాస్తరు, ఇది చాలామంది ఉల్టా చదువుతరు. 4000 అంటే కనుచూపు దూరం మీటర్లల్ల, పది కిలోమీటర్లు గానీ ఇంకా ఎక్కువ గానీ కనిపిస్తే 9999 అని వేస్తరు. టీఎస్ అంటే ఉరుములు. ఆ తర్వాత మేఘాలు, ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేసి ఒకటి రెండు భాగాలు కమ్మితే ఎఫ్ఈడబ్ల్యూ, మూడు నాలుగైతే ఎస్‌సీటీ, ఐదు నుంచి ఏడైతే బీకేఎన్, మొత్తం మూసుకుంటే ఓవీసీ, పక్కన ఉన్న అంకెకి రెండు సున్నాలు చేర్చితే ఎయిర్‌పోర్టు నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తున ఉన్నదో వస్తది. సీబీ అన్న రెండక్షరాలే ఇక్కడ అసలు డేంజర్, అది ఉరుముల మేఘం, రాళ్లవాన తెచ్చేది అదే. 41 వేడి, 17 డ్యూ పాయింట్, అంటే గాలి ఎన్ని డిగ్రీలకి చల్లబడితే దాంట్లని తేమ నీటి చుక్కలైతదో ఆ అంకె. చివరికి క్యూ1001 అంటే సముద్ర మట్టానికి సరిచేసిన గాలి ఒత్తిడి, పైలట్ ఆల్టిమీటర్‌ల, అంటే ఎత్తు చూపే మీటర్‌ల, తిప్పి పెట్టుకునే నంబర్.

ఈ చివరి నంబర్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలె. ఒత్తిడిలో ఒక్క హెక్టోపాస్కల్, అంటే ఆ నంబర్ల ఒక్క పాయింట్, తప్పు పోతే ఆల్టిమీటర్ సుమారు 28 నుంచి 30 అడుగులు తప్పు చూపిస్తది. శంషాబాద్ మామునూరుకి గాలి దారిన దాదాపు 145 కిలోమీటర్ల దూరం, మధ్యాహ్నం మబ్బులు కమ్మినప్పుడు రెండు చోట్ల ఒత్తిడి మూడు పాయింట్లు తేడా ఉన్నదనుకోండి, అక్కడి నంబర్ ఇక్కడ పెట్టుకుంటే దాదాపు 90 అడుగులు అయితది. దిగే టైంల 90 అడుగులంటే చిన్న విషయం కాదు. అందుకే వేరే చోటి ఒత్తిడి వాడితే ల్యాండింగ్‌కి దిగిరాగల కనీస ఎత్తును పెంచాలని రూల్ ఉన్నది, పెంచితే మబ్బు కొంచెం కిందికి వచ్చినా ఫ్లైట్ దిగదు. అంటే అరువు రిపోర్టుతో ఎయిర్‌పోర్టు నడిపినా క్యాన్సిల్ అయ్యే ఫ్లైట్లు ఎక్కువైతయి.

ఇప్పుడు వేడి. వరంగల్, కరీంనగర్, రామగుండం, ఆదిలాబాద్ ఈ బెల్టు మొత్తానికి అసలు సమస్య ఇదే, దీని గురించి మాట్లాడేటోళ్లే తక్కువ. విమానం ఇంజన్‌కి, రెక్కకి కావాల్సింది చిక్కటి గాలి. వేడి పెరిగితే గాలి పలుచబడ్తది, ఎత్తు పెరిగినా పలుచబడ్తది, రెండూ కలిస్తే విమానానికి తను ఇంకా ఎత్తైన చోట ఉన్నట్టు అయితది, దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటరు. వరంగల్ ఎత్తు సముద్ర మట్టానికి సుమారు 900 అడుగులు. రోహిణి కార్తెల 44 డిగ్రీలు, ఒత్తిడి 1002 ఉన్న మధ్యాహ్నం తీసుకుందాం. స్టాండర్డ్ ఒత్తిడి 1013 కాబట్టి 11 పాయింట్ల లోటుకి 330 అడుగులు కలిపితే 1,230 అడుగులు. ఆ ఎత్తులో స్టాండర్డ్ లెక్క ప్రకారం ఉండాల్సిన వేడి 12 డిగ్రీల పైచిలుకు, ఉన్నది 44, తేడా 31కి పైనే, ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున వేస్తే 3,780 దాకా వస్తది. మొత్తం 5,000 అడుగులు. అంటే మే నెల మధ్యాహ్నం మామునూరుల లేచే విమానం, ఇంజన్ లెక్కల, ఐదు వేల అడుగుల గుట్ట మీద నుంచి లేస్తున్నట్టే.

ఇది రన్‌వే పొడుగు మీదికి ఎట్ల వస్తదో కూడా లెక్క ఉన్నది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో పద్ధతి ప్రకారం సముద్ర మట్టం దగ్గర స్టాండర్డ్ వాతావరణంల ఒక విమానానికి కావాల్సిన పొడుగు తీసుకొని, ప్రతి 300 మీటర్ల ఎత్తుకి 7 శాతం, స్టాండర్డ్ కంటే పెరిగిన ప్రతి డిగ్రీకి 1 శాతం పెంచాలె. ఏ320 లాంటి దానికి పూర్తి బరువు మీద సుమారు 2,100 మీటర్లు అనుకుందాం. వరంగల్ ఎత్తు 275 మీటర్ల దగ్గర కాబట్టి ఆరున్నర శాతం దాకా కలిపితే 2,235 అయితది. వేడి లెక్కకి ఒక్కరోజు రికార్డు కాదు, సంవత్సరంల అన్నిటికంటే వేడి నెలల రోజూ వచ్చే గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు తీసుకుంటరు, అది 41 అనుకుంటే స్టాండర్డ్‌కి తేడా 28 డిగ్రీలు, ఇంకో 28 శాతం కలిపితే 2,860 మీటర్లు. ప్లాన్‌ల చెప్పిన 2,800 పక్కనే వచ్చి ఆగింది చూడండి, ఆ పొడుగు అవసరమైనదే తప్ప గొప్పకి పెట్టింది కాదు. అయితే అదే పద్ధతిల ఇంకో మాట ఉన్నది, ఎత్తు, వేడి రెండూ కలిపి పెంపు 35 శాతం దాటితే ఈ మామూలు సూత్రం సరిపోదు, ప్రత్యేకంగా స్టడీ చెయ్యాలె అని. పైన లెక్కల వచ్చింది 36. అంటే మామునూరు ఆ గీత మీదనే నిలబడ్డది, సగటు వేడి ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే గీతకి ఇవతలో అవతలో తేలుతది. అందుకే ఆ సగటు ఏ ఊరిది తీసుకున్నరు, ఎన్నేండ్లది తీసుకున్నరు అన్న ప్రశ్న ఊరికే అడిగేది కాదు.

ఇక్కడ ఒక అపోహ కూడా తీర్చాలె. పొడుగు తక్కువైతే విమానం లేవదని కాదు, బరువు తగ్గించుకొని లేస్తది. బరువు తగ్గించడమంటే సీట్లు ఖాళీగా వదలడం, లేదా లగేజీ దించడం, లేదా ఇంధనం తగ్గించి దగ్గర ఊర్లకే పోవడం. ఏటీఆర్ 72 లాంటి చిన్న పంకాల విమానం అయితే స్టాండర్డ్ వాతావరణంల సుమారు 1,300 మీటర్లల్ల లేస్తది కాబట్టి దానికి ఇబ్బంది తక్కువ, 2021 మార్చిల మొదలైన కర్నూలు ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు 2,000 మీటర్ల రన్‌వే తోనే నడుస్తున్నది. కానీ వరంగల్ నుంచి ఢిల్లీకి నిండు ఏ320 ఎండకాలం మధ్యాహ్నం పోవాలంటే ప్రతి మీటరూ, ప్రతి డిగ్రీ లెక్కకి వస్తది. అనుభవం ఉన్న ఎయిర్‌లైన్ అయితే ఇట్లాంటి చోట టైం తెల్లారుజాము గానీ రాత్రి గానీ పెట్టుకుంటది, అప్పుడు రన్‌వే లైట్లు, రాత్రి పనిచేసే సిబ్బంది ముందు నుంచే ప్లాన్‌ల ఉండాలె, తర్వాత చూద్దాం అంటే కాదు.

గాలి దిక్కు ముచ్చటకి వస్తే, రన్‌వే చివర్ల రాసే నంబర్ అయస్కాంత దిక్సూచి డిగ్రీలను పదితో భాగిస్తే వచ్చేది. శంషాబాద్‌ల 09, 27 అని ఉంటయి, అంటే తూర్పు పడమరలకి పరిచిన రన్‌వే, అక్కడ రెండు ఉన్నయి కాబట్టి ఎడమ కుడి అని అక్షరాలు చేరుస్తరు, పెద్దది 4,260 మీటర్లు, రెండోది 3,707. బేగంపేటది కూడా 09, 27 నే. తెలంగాణల వానాకాలం గాలి పడమటి దిక్కు నుంచి వస్తది, చలికాలం తూర్పు దిక్కు నుంచి, అందుకే తూర్పు పడమర రన్‌వే మనకి ఎక్కువ అచ్చొస్తది. విమానం గాలికి ఎదురుగా దిగాలె, ఎదురుగా లేవాలె. పక్క నుంచి వచ్చే గాలి, అంటే క్రాస్‌విండ్, ఎంత ఉన్నదో కోణాన్ని బట్టి తేలుతది. పైన రిపోర్టుల 290 నుంచి 24 నాట్ల విసురు ఉన్నది గదా, 27 దిక్కు రన్‌వేకి అది 20 డిగ్రీల తేడానే, పక్క గాలి 8 నాట్లు, ఏం కాదు. అదే రన్‌వే ఉత్తర దక్షిణాలుగా ఉంటే అదే గాలి 22 నాట్లు పైన పక్క నుంచి కొడ్తది. ఐకావో చెప్పేది ఏందంటే, పక్క గాలి వల్ల రన్‌వే వాడలేని పరిస్థితి 5 శాతం టైం కంటే మించొద్దు, 1,500 మీటర్లు గానీ ఆపైన గానీ పొడుగు కావాల్సిన విమానాలకి పక్క గాలి హద్దు 20 నాట్లు అని, దీన్ని తేల్చడానికి కనీసం ఐదేండ్ల గాలి రికార్డు, రోజుకి కనీసం ఎనిమిది సార్లు తీసినది, ఉంటే మంచిది అని. ఐదేండ్లు! హన్మకొండల ఐఎండీ అబ్జర్వేటరీ ఉన్నది, దాని రికార్డు చాలా విలువైనది, కానీ ఊరి మధ్య ఇండ్లు, గుట్టల నడుమ వీచే గాలి, మామునూరు బయలు మీద వీచే గాలి ఒక్కటి కాదు. రన్‌వే పక్కన పది మీటర్ల స్తంభం మీద గాలి మీటర్ పెట్టి రాసిన లెక్క వేరే. దానికి పెద్ద ఖర్చు లేదు, టెర్మినల్ టెండర్ అయ్యేదాకా ఆగాల్సిన పని కూడా లేదు, స్తంభం ఎంత తొందరగా నిలబడితే రికార్డు అంత పొడుగైతది.

వాన గురించి ఉత్తర తెలంగాణ వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 జూలైల ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటల ఒక్కరోజుల 649.8 మిల్లీమీటర్లు పడ్డది, రాష్ట్రంల అదే రికార్డు, అంతకుముందు రికార్డు 2013 జూలైల వాజేడుది, 517.5. రెండూ ఈ దిక్కువే. ఇంత వాన పడే ప్రాంతంల రన్‌వే మీద నీళ్లు నిలవకుండ పోవడం మీదనే సేఫ్టీ నిలబడ్డది. 2021 నవంబర్ నుంచి ప్రపంచమంతా రన్‌వే తడిని ఒకే పద్ధతిల రిపోర్ట్ చేస్తున్నరు, రన్‌వేని మూడు భాగాలు చేసి ఒక్కోదానికి 0 నుంచి 6 దాకా నంబర్ ఇస్తరు. ఆరంటే పొడి, ఐదంటే తడి కానీ బ్రేక్ బాగానే పడ్తది, నిలిచిన నీళ్లు 3 మిల్లీమీటర్లు దాటితే ఒక్కసారిగా రెండుకి పడిపోతది. ఐదు నుంచి మెల్లగ నాలుగు, మూడు అని కాదు, సీదా రెండు. టైరుకి రన్‌వేకి మధ్య నీటి పొర వచ్చి బ్రేక్ పట్టకపోవడమే దానికి కారణం. రిపోర్టుల 5/5/2 అని వస్తే చివరి మూడో భాగంల నీళ్లు నిలిచినయని, దిగినంక ఆగాల్సిన చోటనే పట్టు లేదని పైలట్‌కి అర్థమైతది. 3 మిల్లీమీటర్లు అంటే రూపాయి బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినంత, దానికే ఇంత మార్పు. పక్కనే మామునూరు చెరువు ఉన్నది, చుట్టూ పొలాల నీళ్లు ఎటు పారుతయి, రన్‌వే పొడిగించినంక ఆ వాగులకి దారి ఏది అన్నది ఇప్పుడే తేల్చాలె, రన్‌వే వేసినంక కాలువ తవ్వుతాం అంటే ఆలస్యమే. చెరువు ఉన్నదంటే కొంగలు ఉంటయి, పక్షుల బెడద కూడా రన్‌వే సమాచారంల భాగమే, దానికి వేరే ప్లాన్ కావాలె.

చలికాలం సంగతి ఇంకో తీరు. డిసెంబర్, జనవరి తెల్లారుజామున చెరువుల పక్కన, వరి పొలాల మీద మంచు కమ్మడం ఇక్కడ మామూలే. మెటార్ల 41/17 లాంటి దూరం ఉన్న అంకెలు 15/15 అని కలిసిపోతే గాలిల తేమ నిండిపోయిందని, మంచు కమ్మే ఛాన్స్ గట్టిగ ఉన్నదని లెక్క. కనుచూపు వెయ్యి మీటర్ల లోపల పడితే ఎఫ్‌జీ, అంటే పొగమంచు, ఐదు వేల లోపల ఉంటే బీఆర్, పల్చటి మంచు. ఇక్కడే ఎయిర్‌పోర్టుల ఏ పరికరం పెడ్తరు అన్నది తేడా చేస్తది. పైలట్ కండ్లతో చూసి మాత్రమే దిగే పద్ధతి అయితే మామూలుగా కనుచూపు 5 కిలోమీటర్లు, మబ్బు అడుగు 1,500 అడుగుల పైన ఉండాలె. రేడియో సిగ్నల్‌తో రన్‌వే దారి చూపే ఐఎల్ఎస్ పరికరం, కేటగిరీ వన్‌ది, పెడితే రన్‌వే మీద 550 మీటర్లు కనిపించినా, 200 అడుగుల దాకా దిగి చూసి ల్యాండ్ కావచ్చు. పొద్దున ఏడు గంటల ఫ్లైట్‌కి జనవరిల ఈ తేడానే మొత్తం తేడా. ఖర్చు తగ్గించుదామని ఐఎల్ఎస్ తర్వాత చూద్దామంటే మొదటి చలికాలంలనే పొద్దుటి ఫ్లైట్లు వరుసపెట్టి క్యాన్సిల్ అయితయి, ప్యాసింజర్ ఒకసారి నమ్మకం పోగొట్టుకుంటే మళ్ల హైదరాబాద్ కారు ఎక్కుతడు, ఎయిర్‌లైన్ సీట్లు నిండటం లేదని రూట్ తీసేస్తది. వాతావరణం వల్ల క్యాన్సిల్ అయినదాన్ని డిమాండ్ లేదు అని రాసుకుంటే ఊరికి అన్యాయం.

మెటార్ అప్పటి పరిస్థితి చెప్తది, రానున్న గంటలకి టాఫ్ అని వేరే అంచనా ఉంటది, ఉన్నట్టుండి మారితే స్పెసి అని మధ్యలనే ఇంకో రిపోర్టు ఇస్తరు. రన్‌వే మూసినా, లైట్లు పాడైనా, పక్కన క్రేన్ నిలబెట్టినా నోటామ్, అంటే పైలట్లకి ఇచ్చే నోటీసు, వస్తది. ఆకాశం పైన పెద్ద ఉరుముల గుంపు ఉంటే సిగ్మెట్ అనే హెచ్చరిక ఇచ్చేది చెన్నై ఆఫీస్, ఈ దిక్కు చెన్నై గగనతల పరిధిల ఉంటది కాబట్టి. వాన మేఘాలని చూసే డాప్లర్ రాడార్ హైదరాబాద్‌ల ఉన్నది, 140, 150 కిలోమీటర్ల దూరంల రాడార్ కిరణం నేల నుంచి బాగా పైకి పోతది, భూమి వంపు వల్ల, అందుకని వరంగల్ మీద మేఘం పై భాగం కనిపిస్తది గానీ రన్‌వే దగ్గర వీచే ఈదురు గాలి దాంట్ల కనిపించదు. ఏప్రిల్, మే నెలల్ల ఎనుమాముల మార్కెట్ల మిర్చి మీద టార్పాలిన్లు కప్పే టైం కూడా ఇయ్యకుండ పదిహేను నిమిషాలల్ల గాలిదుమారం వచ్చి పోతది, రైతులకి ఇది తెలుసు. అట్లాంటి గాలిని పట్టుకునేది రన్‌వే రెండు చివర్ల ఉన్న గాలి మీటర్లు, మనిషి కండ్లు, అంతే.

ఎయిర్‌పోర్టు కావాలని అడుగుతున్న బసంత్‌నగర్, ఆదిలాబాద్, జక్రాన్‌పల్లి, వీటికి కూడా ఇదే వర్తిస్తది, రామగుండం దిక్కు వేడి ఇంకా ఎక్కువ కాబట్టి అక్కడ పొడుగు లెక్క మరింత కఠినం. అడగాల్సినవి కొన్నే: మామునూరు బయలు మీద గాలి మీటర్ ఎప్పుడు పెట్టిన్రు, ఎన్నేండ్ల రికార్డు ఉన్నది, రన్‌వే లెక్కల తీసుకున్న వేడి ఎంత, ఐఎల్ఎస్ మొదటి దశలనే ఉన్నదా, వాన నీళ్ల డ్రెయిన్ డిజైన్ 2023 వానని లెక్కల పెట్టుకున్నదా. జవాబులు ప్రాజెక్టు రిపోర్టులల్ల ఉండాల్సినవే, వాటిని తెలుగుల జనం ముందు పెట్టడానికి అడ్డం ఏమీ లేదు, భూమి ఇచ్చిన నక్కలపల్లి, గాడేపల్లి రైతులకి ముందు చెప్పాలె.